కాచిరే నోరు

మా మేనమామ మా ఊరి రాజుగారికి నోరు. అసువాసోలో రాజు జనంతో నేరుగా మాట్లాడడు. పక్కకి వంగి మెల్లగా ఏదో అంటాడు, బంగారు పిడి కర్ర పట్టుకుని మామయ్య లేచి ఆ మాట సభకి వినిపిస్తాడు. జనం రాజుకి చెప్పుకునేదీ అంతే, ఎదురెదురుగా కూర్చున్నా సరే మామయ్య మీదుగానే వెళ్ళాలి. మా తమ్ముడు కాచిరేకి నేను నోరు. నాకు కర్రా లేదు, బంగారమూ లేదు, అంతే తేడా.

కాచిరే అంటే మా భాషలో కడగొట్టువాడు. అమ్మకి ఇక పిల్లలు పుట్టరనుకున్న వయసులో పుట్టాడు. వాడి కళ్ళ తీరు, నిలవని మెడ చూసి, వీడు నది బిడ్డ, నదికే ఇచ్చెయ్యండి అన్నారు కొందరు. అమ్మ వాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా గుమ్మం దాటించింది. డౌన్ సిండ్రోమ్ అనే పేరు చాలా ఏళ్ళ తర్వాత ఆసుపత్రిలో తెలిసింది. పేరు తెలిసినంత మాత్రాన వాడి మాట తేటపడలేదు. అమ్మకీ నాకూ అంతా అర్థమయ్యేది. ఊళ్ళో వాళ్ళకి సగం అర్థమైతే, మిగతా సగం మేం పూరించేవాళ్ళం. నేను కుమాసీ బజారులో పాత బట్టలు అరిచి అమ్ముకుంటాను కాబట్టి నోటికి కొదవ లేదు, ఇద్దరికి సరిపోయేంత ఉంది.

అమ్మ చనిపోయిన ఏడాది, ఎడారి దుమ్ము మోసుకొచ్చే హర్మతాన్ గాలి ముందే మొదలైంది. పెదవులు పగిలిపోతున్నాయి, కొబ్బరాకుల మీద దుమ్ము పేరుకుంది. సమాధి చేసిన మర్నాడు, ఇంకా సంతాపపు ఎర్రబట్టల్లోనే ఉండగా, మామయ్య నన్నూ దూఫియే పిన్నినీ తన వసారాలో కూర్చోబెట్టాడు.

"వీడి సంగతి తేల్చాలి పొకువా," అన్నాడు. "నువ్వు పొద్దున బజారుకి పోతే పొద్దుగూకాక గానీ రావు. ఉన్నది ఒక్క గది. ఎవరు చూస్తారు వీణ్ణి? సన్యాసినుల ఆశ్రమం ఒకటుంది, ఇలాంటి పిల్లల్ని బాగా చూసుకుంటారట. నేను వెళ్ళి మాట్లాడొచ్చాను."

"పిల్లాడేంటి మామయ్యా, గడ్డం గీసుకునే మగాడైతేను!"

"వాడెక్కడ గీసుకుంటాడు, ఊరొచ్చినప్పుడల్లా గీసేది నువ్వు కదే," అంది పిన్ని. పిన్నికి ఆ రోజుల్లో కోడలితో పడక ఒళ్ళంతా ముళ్ళుగా ఉండేది.

"మరి అమ్మ ఇల్లో?"

"తాళం వేశాం. కోకో కొనే కంపెనీ గుమాస్తా గోదాముకి అడుగుతున్నాడు," అన్నాడు మామయ్య.

వాకిట్లో కాచిరే అమ్మ చివరగా కోయించిన కోకో గింజల్ని వెదురు తడిక మీద ఆరేట్టు కర్ర పారతో తిప్పుతున్నాడు. పరామర్శకి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ ఆపి పలకరిస్తున్నాడు. వాళ్ళు జాలిగా చూస్తే ఇంకోసారి పలకరిస్తున్నాడు.

"వాడికి నా దగ్గరే ఉండాలని ఉంది," అన్నాను.

"వాడు చెప్పాడా?"

"చెప్పాడు."

"ఎవరికి?"

"నాకు."

మామయ్య నవ్వాడు. అది వెక్కిరింపు నవ్వు కాదు, అందుకే నాకు ఇంకా మండింది.

"అమ్మాయ్, నా జన్మంతా రాజుగారి నోరుగానే గడిచింది. ఆయన చప్పగా అన్నదానికి ఉప్పూ కారం కలిపి చెబుతాను. కోపంలో తూలిన మాట మింగేస్తాను. నోరు ఏమేం చేస్తుందో నాకు తెలీదంటావా? వాడి మాట నీ నోటి మీదుగా నేను పుచ్చుకోను. నలభయ్యో రోజు కర్మకి కుటుంబమంతా మళ్ళీ కూర్చుంటుంది కదా. ఆ రోజు ఎక్కడుంటాడో వాడే చెప్పనీ, పెద్దలకి అర్థమయ్యేట్టు. ఏం చెబితే అదే ఖాయం. నేను అడ్డు రాను."

"చెప్పలేకపోతే?"

"ఆశ్రమం," అన్నాడు మామయ్య.

వాణ్ణి ఆ వారమే కుమాసీ తీసుకొచ్చేశాను.

*

పెద్దాసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ బుధవారాలు మాత్రమే వచ్చేది. పేరు దేదే. అక్రా వైపు పిల్ల, మా భాష మాట్లాడుతుంటే గులకరాళ్ళు నములుతున్నట్టుండేది. నడక నేర్పే వాళ్ళతో గది పంచుకునేది. మేం మాట్లాడుతుంటే వెనక ఒక ముసలాయన ఇనుప చట్రం పట్టుకుని టకటకా నడుస్తూ ఉండేవాడు.

"ముందు చెవులు చూపించుకుని రండి," అంది మొదటి రోజు.

"చెవులెందుకు? వాడికి రానిది మాట."

"వింటేనే కదక్కా వచ్చేది."

చెవుల గదిలో తీసిన గులిమి చూసి నాకు సిగ్గేసింది. అది పోయాక కూడా ఎడమ చెవి సగమే పనిచేస్తుందన్నారు. ఇన్నేళ్ళూ నేను వాడికి ఎడమ పక్కనే కూర్చుని మాట్లాడాను, అన్నం కుడిచేత్తో తింటాడు, ఇరుకవుతుందని.

తిరిగొచ్చాక దేదే వాడికి కుడి పక్కన కూర్చుంది. "కాచిరే, పొద్దున ఏం తిన్నావు?"

"మొక్కజొన్న జావ, రొట్టె," అన్నాను.

"నేను నిన్నడగలేదక్కా. కాచిరే, ఏం తిన్నావు?"

వాడు నా వంక చూశాడు. "జావ అని చెప్పరా," అన్నాను.

దేదే లేచి, సంచిలోంచి వేరుశనగ ఉండ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. గట్టి పాకం ఉండ, కొరికితే పన్ను విరుగుతుంది. "ఇది నోట్లో పెట్టుకో. కరిగేదాకా మాట్లాడకు. నమిలేస్తే ఇంకోటి ఇస్తాను."

నన్ను, అంత బజారుని ఒంటిగొంతుతో తిప్పేదాన్ని, బడిపిల్లలా కూర్చోబెట్టింది. ఆమె అడిగింది, ఇక నోరు మూసుకుంది. వాడు బల్ల చూశాడు, గోడ చూశాడు, నన్ను చూశాడు. ముసలాయన చట్రం టకటక. నాకు ప్రాణం పోతోంది. ఎవరైనా అలా ఖాళీగా ఊరుకుంటే అమర్యాద కదా అనిపిస్తోంది. ఆమె మాత్రం వాడి మొహం వంక చూస్తూ, రావలసిన బస్సు వస్తుందిలే అన్నట్టు నిదానంగా కూర్చుంది.

"దావ," అన్నాడు చివరికి. కాసేపాగి నాలుక బయటపెట్టి వేలితో చూపించాడు. "వేడి."

నాలుక కొస ఎర్రగా కాలి ఉంది. పొద్దున్నే హడావుడిలో జావ పోసి ఇచ్చింది నేనే. నేను చెప్పిన జవాబులో జావ ఉంది, రొట్టె ఉంది, ఆ కాలడం లేదు.

ఇంటికెళ్ళాక పిన్ని ఫోన్ చేసింది. "నాలుక కింద నరం కోయించమనవే, గలగలా మాట్లాడతాడట." ఆ మాట తర్వాతి బుధవారం దేదేకి చెప్పాను. "వాడి నాలుక బాగానే ఉంది. కోయాల్సింది ఏదైనా ఉంటే నీ తొందర," అంది, కోపం లేకుండానే. నడిచే ముసలాయన ఆగి మరీ నవ్వాడు.

*

అలా గడిచింది ఆ దుమ్ము కాలం. తెల్లారకముందే లేచి నీళ్ళు పట్టుకోవడం, వాడికి స్నానం, బట్టల మూట నెత్తిన పెట్టుకుని, వాడి చెయ్యి పట్టుకుని వ్యాన్లో ఇరుక్కోవడం. బజార్లో నా బల్ల వెనక వాణ్ణి కూర్చోబెట్టేదాన్ని. మొదట్లో ఊళ్ళోలాగే వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరించాడు. నెత్తిన బరువుతో పరిగెత్తేవాళ్ళు ఎవరికోసం ఆగుతారు? "దారి! దారి!" అని అరుచుకుంటూ పోయేవాళ్ళు. కొన్నాళ్ళకి వాడు పలకరించడం మానేశాడు. అల్లరి తగ్గింది, బుద్ధిమంతుడయ్యాడు అంది పక్క బల్లావిడ. నేనూ అలాగే అనుకున్నాను.

సాయంత్రం గదికి చేరాక పాఠం. పెదవులకి షియా వెన్న రాసి, కుడి పక్కన కూర్చుని అడిగేదాన్ని.

"కాచిరే, ఎక్కడుంటావు?"

నోట్లో వేరుశనగ ఉండ. ఆగడం. నిద్ర ముంచుకొచ్చేది, కూర్చునే తూగేదాన్ని. ఉలిక్కిపడి లేచేసరికి వాడు నన్నే చూస్తూ ఉండేవాడు. అలిసిపోయాను. ఇది చెప్పడానికి నాకు మొహమాటం లేదు. వాడి మీద ప్రేమ ఒక చోట, ఆ అలసట ఒక చోట, రెండూ ఒకే ఒంట్లో ఉండేవి. ఒక్కోసారి ఆశ్రమం గోడలు తెల్లగా, చల్లగా కళ్ళ ముందు కదిలేవి. వెంటనే అమ్మ గుర్తొచ్చేది. మంచినీళ్ళు ఇవ్వకుండా గుమ్మం దాటించిన అమ్మ.

"నేను... కువా... దగ్గర... ఉంటా," అనేవాడు. పొకువాలో సగమే నేను వాడికి.

రోజులు గడిచేకొద్దీ ఆ వాక్యం తేటపడింది. 'ఉంటా' అనే మాటైతే ఎంత స్పష్టంగా వచ్చేదంటే, గోడవతలి వాళ్ళు కూడా "ఉండరా నాయనా, ఉండు" అనేవాళ్ళు.

ఒక్కటే చిరాకు. నేను వంటకి తెచ్చిన అలసందలు చాప మీద పరిచి, అరచేత్తో అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేవాడు. ఆ దుమ్ములో మళ్ళీ కడుక్కోలేక చచ్చేదాన్ని. గింజలు దాచేస్తే ఉత్త చెయ్యే గాల్లో తిప్పేవాడు, బోర్లా, వెల్లకిలా.

"ఈ చెయ్యి ఏమంటోందక్కా?" అంది దేదే ఒక బుధవారం.

"అలవాటు. ఊరికే."

దేదే వాడి చెయ్యి చాలాసేపు చూసింది. వాడి వాక్యం వినిపించాను. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తుంటే, ఆమె పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"బాగా అంటున్నాడు. కానీ వాడు ఏమంటాడో నీకు ముందే తెలుసు కదా?"

"నేర్పింది నేనే అయితే తెలీదా?"

"అది నీ మాట, వాడి నోట్లో ఉంది, అంతే. ఎప్పుడైనా వాడు నిన్ను ఏమైనా అడిగాడా?"

"ఏమడగాలి?"

"ఏదైనా. ఇంతకాలం అందరూ వాణ్ణి అడుగుతున్నారు, వాడు జవాబు చెబుతున్నాడు. వాడే అడిగి, జవాబు కోసం ఆగిన రోజు వచ్చి నాకు చెప్పు. ఆ రోజు నేను నీకు ఉండ తినిపిస్తాను, నమిలినా ఏమీ అనను."

నాకు ఒళ్ళు మండింది. నలభయ్యో రోజు నెత్తి మీదకొస్తోంది, ఈమెకి వేళాకోళం! నాకు కావలసింది ఒక్క వాక్యం. దాంతో వాడు నా దగ్గర ఉంటాడు, వాణ్ణి ఎవరికీ ఇవ్వనన్న అమ్మ మాట నిలుస్తుంది. అడగడాలూ ఆగడాలూ తర్వాత నేర్చుకోవచ్చు.

*

నలభయ్యో రోజున అసువాసోలో మామయ్య వాకిట్లో పందిరి వేశారు. పెద్దలందరూ నల్లబట్టల్లో వచ్చారు. వచ్చినవాళ్ళకి నీళ్ళిచ్చి, దారి కబుర్లడిగి, నేల మీద సారా ఒలికించి చనిపోయినవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచాడు మామయ్య. అమ్మ పేరు కూడా ఆ వరసలో చేరింది. కాచిరే నల్ల దుప్పటి మగవాళ్ళలా ఎడమ భుజం మీద వేసుకుని, కుడి భుజం వదిలేసి కూర్చున్నాడు. అలా కట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. పెదవులు షియా వెన్నతో మెరుస్తున్నాయి.

నేను కొంగు ముడిలోంచి ఉండ తీసి నోట్లో వేసుకున్నాను. పిన్ని చూసి, "సభలో తిండేమిటే!" అని మోచేత్తో పొడిచింది.

మామయ్య పీట జరుపుకుని వాడి కుడి పక్కకి వచ్చి కూర్చున్నాడు. అది మాత్రం నేను ముందే చెప్పి ఉంచాను.

"కాచిరే. మీ అమ్మ లేదు. ఇక నువ్వు ఎక్కడుంటావు?"

వాడు నన్ను చూశాడు. నేను ఉండని బుగ్గలోకి తోసి పళ్ళు బిగించాను. వాడు మామయ్యని చూశాడు, పందిరి గుంజ చూశాడు, పందిరి అవతల, రోడ్డుకి అటు పక్క, అమ్మ ఇంటి తలుపు చూశాడు. ఏదో అన్నాడు. గొంతులోనే, గబుక్కున, మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతూ.

ఎవరికీ తెలియలేదు. తలలన్నీ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. వాడు ఏమన్నా అలా నా వైపు తిరగడం వాళ్ళకి పాతికేళ్ళ అలవాటు.

"ఏమన్నాడమ్మా?" అన్నాడు ఒక పెద్దాయన.

నాకు తెలిసింది. మొదటి అక్షరంతోనే తెలిసింది. అది మా వాక్యం కాదు.

ఆ సమయంలో నా దగ్గరే ఉంటానన్నాడని చెబితే కాదనేవాళ్ళు ఆ వాకిట్లో ఎవరూ లేరు. మామయ్య కూడా కాదనలేడు, ఆయనకీ సరిగా వినబడలేదు. అంత కష్టపడ్డాను, అన్ని సాయంత్రాలు తూగుతూ కూర్చున్నాను, ఆ మాటకి నాకు హక్కుందనిపించింది. ఉండ ఇంకా కరగలేదు.

చెయ్యి వాడి వైపు చాపాను, వాణ్ణే అడగండి అన్నట్టు.

"చెప్పవేం పొకువా?" అంది పిన్ని.

"ఉండు దూఫియే," అన్నాడు మామయ్య. ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, వాడి వైపు తిరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఆగాడు. రాజు నోరు తెరిచేదాకా ఆగడం అలవాటైన మనిషి. ఆయన ఆగితే పందిరంతా ఆగింది. కోళ్ళు ఎక్కడో దుమ్ము గీకుతున్నాయి. కాచిరే కుడి చెయ్యి ఒడిలో మెల్లగా తిరగడం మొదలుపెట్టింది, బోర్లా, వెల్లకిలా.

"అమ్మ ఇల్లు," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "అమ్మ ఇంట్లో ఉంటా. కోకో తిప్పుతా."

ఈసారి వెనక వరస దాకా వినబడింది.

"ఒక్కడే ఎలా ఉంటాడు? తెలిసీ తెలియని మాట, అది లెక్కలోకి రాదు," అన్నాడు పెద్దాయన.

మామయ్య లేచాడు. భుజం మీది బట్ట నడుం దాకా దించుకున్నాడు, రాజు ముందు మాట్లాడేటప్పుడు దించుకున్నట్టే. చేతిలో కర్ర లేదు, గొంతు మాత్రం కొలువులో ఉండే గొంతే.

"సభ వినాలి. కాచిరే అంటున్నాడు. అమ్మ ఇంట్లో ఉంటా. కోకో తిప్పుతా."

అంతే చెప్పి కూర్చున్నాడు. ఉప్పు వేయలేదు, కారం వేయలేదు. ఆయన అలా మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన నోటి మీదుగా సభకి చేరిన మాటని చిన్నపిల్లాడి మాట అనడానికి ఇక ఎవరికీ నోరు రాలేదు.

పిన్ని ముక్కు చీదుకుంది. "ఒక్కడెందుకుంటాడు? మా కోడలి మొహం చూడలేక చస్తున్నాను. ఆ తాళంచెవి ఇటు పారెయ్యండి, గుమాస్తాని గోదాము ఇంకెక్కడైనా చూసుకోమనండి."

అందరూ నవ్వారు. మామయ్య తాళంచెవి తీసి పిన్నికి ఇవ్వబోయి, ఆగి, కాచిరే చేతిలో పెట్టాడు. వాడు లేచి, ఒక్కొక్క పెద్దాయన ముందూ ఆగి పలకరించుకుంటూ రోడ్డు దాటి వెళ్ళాడు. వాళ్ళందరూ తిరిగి పలకరించారు. కుమాసీలో వాడు పోగొట్టుకున్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

బాధేసింది. వాడు నన్ను కోరుకోలేదు. నేను నేర్పిన వాక్యంలోంచి 'ఉంటా' ఒక్కటి ఉంచుకుని నన్ను తీసేశాడు. ఆ బాధ వెనకే, దాన్ని తోసుకుంటూ, ఈ పూట హాయిగా పడుకోవచ్చు అనే ఆలోచన వచ్చింది. దానికి ఇంకా బాధేసింది.

*

కుమాసీ తిరిగొచ్చాక రెండు రోజులు బజారుకి పోకుండా పడుకున్నాను. మూడో రోజు నుంచి మామూలే, మూట, వ్యాన్, అరుపులు. గదిలో చాప మూల అలసంద గింజలు ఒకటీ అరా దొరుకుతూ ఉండేవి. ఎవరికోసం నీళ్ళు ఎక్కువ పట్టానా అని తెల్లారి రెండో బకెట్ చూసుకునేదాన్ని.

తొలి వాన పడి దుమ్ము అణిగిన ఆదివారం పిన్ని ఫోన్ చేసింది. కోడలి మీద చెప్పాల్సినవన్నీ చెప్పింది. పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళని కాచిరే పలకరించనిదే కదలనివ్వడం లేదని చెప్పింది. "ఇదిగో వీడు, ఫోన్ లాక్కుంటున్నాడు," అంది.

"కాచిరే," అన్నాను. "బాగున్నావా?" అని అడిగి, అలవాటుగా నోరు మూసుకున్నాను.

చాలాసేపు ఊపిరి మాత్రమే వినబడింది. వెనక పుంజు కూసింది.

"కువా," అన్నాడు. "అలిసిపోయావా?"

ఆ మాట నేను నేర్పలేదు. దేదే నేర్పలేదు. అమ్మ పోయినప్పటి నుంచి, అంతకు ముందు కూడా, నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. లేదురా అనబోయాను. అంత నోరున్న నాకు ఒక్క మాట రాలేదు.

అవతల వాడు తొందరపడలేదు. ఫోన్ పట్టుకుని, అడిగినవాడు ఆగినట్టే ఆగాడు.